ఆరింటి ఓడకు ముందురోజు సప్తగిరి

మా బావమరిది పుత్తూరులో ఉంటాడు. ఫోన్లో నా ప్లాను అంతా విని నవ్వినాడు. "ఏంది బావా, చెన్నై మూడు గంటల దూరం. పొద్దున ఆరుకు కారెక్కితే పదికల్లా హార్బర్లో ఉంటారు. ఓడ సాయంత్రం ఆరుకంటివి. దానికి ముందురోజే పోయి లాడ్జీలో పండుకునేదేంది? డబ్బులెక్కువయినాయా?"

నేనేమీ చెప్పలేదు. వాడికి చెప్పి ఒప్పించడం కంటే లాడ్జీ బాడుగ కట్టేయడం సులువు.

అసలు సంగతి ఇది. నాకు అరవై నిండాయి. షష్టిపూర్తికి పూజలూ భోజనాలూ అయ్యాక మా అమ్మాయి ఒక కవరు చేతిలో పెట్టింది. చెన్నై నుంచి శ్రీలంకకు ఓడ ప్రయాణం. ఐదు రాత్రులు. హంబన్‌తోట, ట్రింకోమలి, జాఫ్నా పక్కన కంకేసంతురై. నేనూ మా ఇంటావిడా, కూతురూ అల్లుడూ, మనవడూ. నేను పుట్టి బుద్ధెరిగినాక సముద్రంలో మోకాళ్ళ లోతు దాటి దిగింది లేదు. ఎక్కిన పెద్ద పడవ తలకోనలో చెరువు పడవ. అట్లాంటివాడికి ఓడ టికెట్ ఇస్తే ముందు సంతోషం రావాలి. నాకు మాత్రం వెంటనే వచ్చిన ప్రశ్న, "రేవుకు ఎట్ల పోయేది?"

ఇది నా తప్పు కాదు, ఉద్యోగం తప్పు. ఆర్టీసీలో కండక్టరుగా చేరి, తిరుపతి బస్టాండులో కంట్రోలరుగా రిటైరయ్యాను. చెన్నై సర్వీసులు ఎన్ని పంపానో లెక్క లేదు. ఏ బస్సుకైనా చార్టులో ఒక రన్నింగ్ టైం ఉంటుంది. తిరుపతి నుంచి చెన్నైకి సుమారు 140 కిలోమీటర్లు, మూడున్నర నాలుగు గంటలు. అది కాగితం మీది మాట. మైకులో అనౌన్స్ చేసేది కాగితం మాటే. కానీ లాగ్‌షీటు సాయంత్రం చేతికొచ్చాక తెలిసేది వేరే. ఒకరోజు మూడుంబావుకు చేరిన బస్సు, మరునాడు అదే డ్రైవరు, అదే దారి, ఐదున్నర గంటలు. ప్రయాణికుడు గుర్తు పెట్టుకునేది మూడుంబావు గంటల రోజును. కంట్రోలరు గుర్తు పెట్టుకోవాల్సింది ఐదున్నర గంటల రోజును. మా బావమరిదికీ నాకూ ఉన్న తేడా అంతే.

నిజం చెప్పాలంటే ఈ జ్ఞానం నాక్కూడా ఊరికే రాలేదు. ఏడెనిమిదేళ్ళ కిందట కాశీకి పోదామని చెన్నై నుంచి ఢిల్లీ విమానానికి టికెట్లు తీసుకున్నాం. మధ్యాహ్నం ఒంటిగంట విమానం. పొద్దున ఐదున్నరకే కారులో బయల్దేరాం. ఏడున్నర గంటలుంది, ఇంకేం కావాలి అనుకున్నా. నగరి దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత రోడ్డంతా పసుపు బట్టలు. భుజాన కావళ్ళు, నెమలి ఈకలు, పాలకుండలు, "హరోంహర" అని కేకలు. తిరుత్తణిలో ఆడి కృత్తిక, సుబ్రహ్మణ్యస్వామి పండగ! మన చిత్తూరు జిల్లా సగం అక్కడే ఉంది ఆరోజు. పోలీసులు మమ్మల్ని ఒక సందులోకి మళ్ళించారు, ఆ సందు ఇంకో ఊళ్ళోకి పోయింది, ఆ ఊళ్ళోనూ కావళ్ళే. మేము ఎయిర్‌పోర్టు గేటు చేరేటప్పటికి విమానం ఆకాశంలో ఉంది.

డబ్బు పోయింది సరే. నన్ను కాల్చింది ఏమిటంటే, ప్రతి ఏడూ ఆడి కృత్తికకు తిరుత్తణి స్పెషల్ బస్సులు వేసే పనిలో నేనూ ఉండేవాణ్ణి. ఊరందరికీ స్పెషల్స్ వేసినవాడు తన కారుకు ఆ సంగతి గుర్తు పెట్టుకోలేదు. మా ఇంటావిడ దారిపొడుగునా ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

అందుకే ఓడ తారీకు చూడగానే నేను మొదట తీసింది గంటల పంచాంగం. తమిళుల ఆడి నెల జులై మధ్యలో మొదలై ఆగస్టు మధ్యదాకా ఉంటుంది. మా ఓడ సరిగ్గా ఆ నెలలో. పైగా ఆదివారం బయల్దేరేది. చెన్నై సముద్ర ప్రయాణాలు ఎక్కువగా ఈ నెలల్లోనే పెడతారు, ఎందుకంటే అప్పుడు అవతల ముంబయిలో వానలు, సముద్రం అల్లకల్లోలం. మన తూర్పు తీరానికి అసలు వానలు అక్టోబరులో గానీ రావు. అంటే మనం ఓడ ఎక్కేదీ ఆడిలోనే, అమ్మవార్ల జాతరలూ ఆడిలోనే.

చెన్నైకి మనకున్నవి మూడు దారులు. మొదటిది పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు. దాని సంగతి పైన చెప్పాను. రెండోది పుత్తూరు దగ్గర చీలి నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం మీదుగా ఊత్తుకోట, అక్కణ్ణించి పెరియపాళయం, రెడ్‌హిల్స్. మా డ్రైవర్లకు ఇష్టమైన దారి, చెట్లూ చెరువులూ, మధ్యలో సురుటుపల్లిలో శివుడు పార్వతి ఒడిలో తలపెట్టి పడుకుని ఉంటాడు. ప్రదోషం నాడు ఆ ఒక్క ఊరు దాటడానికే అరగంట. ఆడి ఆదివారాల్లో అయితే పెరియపాళయం భవానీ అమ్మవారి గుడి ముందు బస్సు కదలదు. వేపాకులు చుట్టుకుని మొక్కు తీర్చుకునే జనం, శనివారం రాత్రి నుంచే బండ్లు కట్టుకుని వచ్చి దిగినవాళ్ళు, రోడ్డు మీదే పొంగళ్ళు. మూడోది శ్రీకాళహస్తి, తడ మీదుగా హైవే. చుట్టు దారే గానీ వెడల్పు. తీరా రెడ్‌హిల్స్ దగ్గర ఊత్తుకోట దారీ ఇదీ ఒకే చోట కలుస్తాయి, అక్కడ కంటైనరు లారీలు. ఆ లారీలు పోయేదీ మనం పోయే చోటికే, రేవుకు! ఉత్తర చెన్నైలో రేవు గేట్ల ముందు లారీల వరుస గంటలకొద్దీ నిలబడి ఉండడం కొత్త సంగతేమీ కాదు.

(పుత్తూరులో ఏ పనీ లేకుండా ఆగేది ఎముక విరిగినవాళ్ళే అని మా డ్రైవర్ల జోకు ఒకటుంది, పుత్తూరు కట్టు గురించి. ఇది చదివితే బావమరిది నాతో మాట్లాడడు.)

తర్వాత వెనక నుంచి లెక్క వేశాను. బస్టాండులో లెక్క ముందు నుంచి ఉంటుంది: ఇన్నింటికి బయల్దేరితే ఇన్నింటికి చేరుతుంది. ఓడకు తిరగేసి వేయాలి. మా పాసు మీద ఓడ కదిలేది సాయంత్రం 6. కానీ మనం చూడాల్సిన టైం అది కాదు. చెక్-ఇన్ మూసేది 4 గంటలకు. మాకు రిపోర్టింగ్ ఇచ్చింది మధ్యాహ్నం 1 గంట. బావమరిది చూసింది 6, నేను చూసింది 1. ఆ ఒకటి నుంచి రేవు గేటు దగ్గర క్యూకు ఒక గంట తీసేయాలి. చెన్నై ఊళ్ళో ట్రాఫిక్‌కు గంట. దారికి ఐదున్నర గంటలు, మంచిరోజు లెక్క కాదు, చెడ్డరోజు లెక్క. ఎంతయింది? తెల్లవారుజామున ఐదున్నర. సరిగ్గా కాశీ ప్రయాణంలో బయల్దేరిన టైమే! ఆ అంకె చూసేటప్పటికి నాకు తిరుత్తణి సందు కళ్ళముందుకొచ్చింది.

"కొంచెం లేటయితే ఆపరా? ఇంత డబ్బు కట్టినాం కదా" అని మా ఇంటావిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. బస్సు అయితే నేనే ఎన్నోసార్లు ఆపాను. పెద్దమనిషి ఫోను చేస్తే ఐదు నిమిషాలు, నిండు గర్భిణి ఆటోలో వస్తోందంటే పది నిమిషాలు. ఓడ విషయం వేరు. రేవులోంచి బయటికి ఓడను తీసుకెళ్ళేది రేవు పైలటు, లాగడానికి టగ్గులు, అవన్నీ ఒక టైముకు కుదుర్చుకున్నవి. ఎక్కినవాళ్ళ జాబితా ఖరారై ఇమిగ్రేషనుకు వెళ్ళాలి. అవతలి రేవులోనూ ఈ ఓడకు ఒక చోటు, ఒక గంట రాసిపెట్టి ఉంటాయి. వందలమంది లోపల కూర్చున్నాక బయట ఒక కుటుంబం కోసం ఇదంతా జరగదు. పోనీ తర్వాతి స్టేజీలో ఎక్కుదామా అంటే, తర్వాతి స్టేజీ హంబన్‌తోట. శ్రీలంక దక్షిణపు కొస. ఆటో పెట్టుకుని వెంటపడే దూరం కాదు.

తిరుపతివాళ్ళకు ఇది వేరే ఎవరో చెప్పాల్సిన పని లేదు నిజానికి. మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు చేతిలో పట్టుకుని, స్లాటు టైముకు కింద బస్టాండులో నిలబడి ఏడ్చేవాళ్ళను ఎంతమందిని చూశాను! "సార్, రెండు గంటలకు రిపోర్టింగ్. ఇప్పుడు ఒకటిన్నర. కొండ మీదికి అరగంటలో పోతాదా బస్సు?" పోదు. బస్సు ఎక్కాలి, అలిపిరిలో దిగి సామాను స్కానింగ్ చేయించాలి, ఘాట్‌రోడ్డు ఎక్కాలి, పైన దిగి క్యూ వెతుక్కోవాలి. రాత్రిపూట వచ్చినవాళ్ళయితే ఇంకో తంటా, అర్ధరాత్రి దాటాక ఘాట్‌రోడ్డు మూసేస్తారని వాళ్ళకు తెలియదు. వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే మాట, "ముందురోజే వచ్చి ఇక్కడ పడుకోవాల్సిందమ్మా." ఊళ్ళో లాడ్జీలన్నీ బతుకుతున్నది ఆ ఒక్క సలహా మీదే. మనం యాత్రికులమైనప్పుడు మాత్రం మూడు గంటలేగా అంటాం.

సరే, ముందురోజు పోవడం ఖాయం. దేని మీద పోవాలి?

కారు మొదటే కొట్టేశాను. దారి సంగతి అటుంచి, ఆరు రోజులు చెన్నైలో కారు ఎక్కడ పెట్టేది? బస్సు నాకు ప్రాణం, కానీ మన బస్సులు ఇప్పుడు ఊళ్ళోకి పోవు. 2018 అక్టోబరులో మాధవరం టెర్మినల్ తెరిచినప్పటి నుంచి ఆంధ్రా బస్సులు అక్కడే ఆగుతాయి. అక్కణ్ణించి మూలకడై, వ్యాసర్పాడి మీదుగా మళ్ళీ ఆటో. పెట్టెలతో ఐదుగురు అయితే రెండు ఆటోలు. రైలు ఎక్కితే నేరుగా సెంట్రల్లో దింపుతుంది, అక్కడికి రేవు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆర్టీసీ మనిషినై ఉండి రైలును మెచ్చుకోవాల్సి వచ్చింది, పాత స్నేహితులు క్షమించాలి.

తిరుపతి నుంచి చెన్నైకి పొద్దున గరుడాద్రి ఉంది, సాయంత్రం సప్తగిరి ఉంది. పొద్దున గరుడాద్రిలో అదేరోజు పోయినా మధ్యాహ్నానికి అందుతామని అల్లుడు అన్నాడు. అందుతాం, రైలు టైముకు నడిస్తే. అరక్కోణం దగ్గర సిగ్నల్ ఇవ్వక గంట నిలబడిన రైళ్ళు నాకు తెలుసు. పొద్దుటి రైలు రద్దయితే చేతిలో ఏమీ మిగలదు. ముందురోజు సాయంత్రం సప్తగిరి రద్దయితే రాత్రంతా బస్సులున్నాయి, బస్సులు లేకపోతే టాక్సీలున్నాయి. డిపోలో ఎప్పుడూ ఒక స్పేర్ బస్సు ఉంటుంది. బ్రేక్‌డౌన్ అయితే పంపడానికి. మిగతా రోజులన్నీ అది ఊరికే షెడ్డులో నిలబడి ఉంటుంది, ఆడిటు వాళ్ళు చూసి "ఇది దండగ కదా" అంటారు. లాడ్జీ గది నాకు స్పేర్ బస్సు.

ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పాతలాగ 120 కాదు. సప్తగిరి అంటే కొండ దిగిన తమిళ భక్తులతో వారాంతం కిటకిట. మా ప్రయాణం శనివారం సాయంత్రం. అరవయ్యో రోజు పొద్దున ఎనిమిదికి ఫోను పట్టుకుని కూర్చుని రెండు సీట్లు తీశాను.

రెండు సీట్లే ఎందుకంటే అమ్మాయీ అల్లుడూ ఉండేది హైదరాబాదులో. ఇక్కడ అసలు యుద్ధం జరిగింది. అల్లుడు మంచివాడు, పద్ధతైనవాడు, కానీ సాఫ్ట్‌వేర్. "మామయ్యా, మేము ఆదివారం పొద్దున ఏడు గంటల ఫ్లైట్‌లో వస్తాం. గంటంబావులో చెన్నై. ఎయిర్‌పోర్టు నుంచి పోర్టుకు ఇరవై కిలోమీటర్లు. పదికల్లా మీ దగ్గరుంటాం. మీరు టెన్షన్ పడొద్దు" అన్నాడు.

"బాబూ, ఆ విమానం లేటయితే?"

"తర్వాతి ఫ్లైట్ ఉంటుంది కదా మామయ్యా."

"దాంట్లో సీట్లుంటాయా మూడు? ఆదివారం పూట?"

అల్లుడితో గట్టిగా మాట్లాడే అలవాటు మా ఇళ్ళలో లేదు. కూతురితో మాట్లాడాను. 2015 డిసెంబరు గుర్తుందా అని అడిగాను. అప్పుడు చెన్నై మునిగిపోయి విమానాశ్రయమే రోజుల తరబడి మూతపడింది, బస్టాండులో నేను చెన్నై సర్వీసులు ఆపేసి జనానికి జవాబు చెప్పలేక ఇల్లు చేరింది ఏ అర్ధరాత్రికో. "నాయనా, అది డిసెంబరు, ఇది జులై" అంది. నిజమే. నా ఉదాహరణ సరిపోలేదు. చివరికి "నీ కొడుకు పొద్దున ఏడు గంటల విమానానికి తెల్లవారి మూడున్నరకు లేస్తాడా?" అని అడిగాను. దానికి జవాబు లేకపోయింది. శనివారం సాయంత్రం విమానానికి టికెట్లు తీశారు. వరదలూ తుపానులూ చేయలేని పని నాలుగేళ్ళ పిల్లవాడి నిద్ర చేసింది.

కాగితాల గురించి ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన తెలుగువాళ్ళకే వచ్చే తంటా. ఇంటిపేరు. శ్రీలంకకు పాస్‌పోర్టు కావాలి, తిరిగొచ్చే తేదీకి ఇంకా ఆరునెలలు గడువు ఉండాలి, ఈటీఏ అని ఆ దేశంలో దిగడానికి ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఇవన్నీ అమ్మాయి చూసింది. కానీ ఓడ బుకింగులో నా పేరు ఆధార్‌లో ఉన్నట్టు పొడి అక్షరంతో కొట్టింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. మా ఇంటావిడది ఇంకా ఘోరం. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బుకింగులో ఇంటిపేరే లేదు! ముగ్గురు వేరు వేరు ఆడవాళ్ళు ఒకే ఫోటోతో. బుకింగు చేసిన ఏజెంటుకు మూడుసార్లు మెయిల్ పెడితే గానీ పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్చలేదు. నెల ముందు చూసుకున్నాం కాబట్టి మూడు మెయిళ్ళకు టైముంది. గేటు దగ్గర చూసుకుని ఉంటే మెయిలు పెట్టేది ఎవరికి?

వెబ్ చెక్-ఇన్ అని ఇంట్లోనే ఒకటి చేయాలి, దాని తర్వాత పాసులూ, పెట్టెలకు కట్టే చీటీలూ వస్తాయి. రెండు కాపీలు ప్రింటు తీయించాను. అల్లుడు ఫోనులో ఉంటే చాలన్నాడు. ఉండొచ్చు. కండక్టరు పని చేసినవాడికి కాగితం టికెట్టు మీద ఉండే నమ్మకం వేరు.

సామాను దగ్గర మా ఇంటావిడ ఓడిపోయింది. బయటి తిండి ఓడలోకి తేకూడదని రాసి ఉంది. ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే కెటిల్ లాంటివీ వద్దు. ఆమె అప్పటికే చింతకాయ తొక్కు ఒక సీసా, నిమ్మకాయ ఊరగాయ ఒక సీసా, వేరుశనగ పొడి ఒక డబ్బా సర్దేసింది. "ఐదు రోజులు వాళ్ళు పెట్టేదే తినేదా? సప్పిడి కూడు?" చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పందం ఏమిటంటే, చెన్నై లాడ్జీదాకా రావచ్చు, ఓడెక్కరాదు. పులిహోర రైల్లోకి. లడ్లు మాత్రం తన చేతిసంచిలో పెట్టుకుంది. "దేవుడి ప్రసాదం తిండి కాదు" అంది. దానికి నేనేం చెప్పాలి?

ఇంకొకటి. పెద్ద పెట్టెలు రేవులో మన దగ్గర తీసుకుని ఎప్పటికో సాయంత్రానికి గదికి చేరుస్తారు. అందుకని బీపీ మాత్రలు, పాస్‌పోర్టులు, పిల్లవాడికి ఒక జత బట్టలు చేతిసంచిలోనే. నేను షుగరు మాత్రలు రెండు చోట్ల పెట్టుకున్నాను. మళ్ళీ స్పేర్.

శనివారం సాయంత్రం సప్తగిరి టైముకే కదిలింది. రేణిగుంట, పుత్తూరు. పుత్తూరులో బావమరిది ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు! చేతిలో మురుకుల పొట్లం. ఆగింది రెండు నిమిషాలు. "బావా, జాగ్రత్తగా పోయి రా. ఓడలో కిటికీ పక్కన కూర్చోవద్దు" అన్నాడు. అంత వెక్కిరించినవాడు రైలు టైము కనుక్కుని వచ్చాడు. ఏకాంబరకుప్పం దాటాక చీకటి పడింది. తిరుత్తణిలో కొండమీద గుడి దీపాలు కనిపిస్తే మా ఇంటావిడ దండం పెట్టి, నా వైపు ఒక చూపు చూసింది. ఇన్నేళ్ళకు ఆ కాశీ ప్రయాణం గురించి ఆమె అన్నది అంతే. అరక్కోణం బయట రైలు నలభై నిమిషాలు నిలబడింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నాకు లోపల సంతోషంగా ఉంది. ఇట్లాంటి సంతోషం బయటికి చెప్పుకోలేం.

సెంట్రల్ ఎదురుగా పెరియమేడులో లాడ్జీ. గొప్పగా లేదు, శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది. అల్లుడివాళ్ళ విమానం హైదరాబాదులోనే రెండు గంటలు ఆలస్యమైంది. రాత్రి ఒంటిగంటన్నరకు వచ్చారు, పిల్లవాడు అల్లుడి భుజం మీద నిద్ర. అల్లుడు నా మొహం చూడకుండా పెట్టెలు మోసుకుంటూ పోయాడు. నేనూ చూడనట్టే ఉన్నాను.

పొద్దున ఎవరికీ తొందర లేదు. ఇడ్లీ, వడ, కాఫీ. సీసాలో చింతకాయ తొక్కు ఇడ్లీతో సగం ఖాళీ అయింది. పదకొండున్నరకు రెండు ఆటోలు మాట్లాడాను. ఇక్కడ ఒక మాట. చెన్నైలో ఆటో అతనికి "పోర్టు" అంటే పోర్టులు చాలా ఉన్నాయి: ఊళ్ళో ఉన్నది, ఎన్నూరుది, కాట్టుపల్లిది. "హార్బర్" అనాలి, రాజాజీ సాలై అనాలి, మన పాసులో ఉన్న గేటు నంబరు చెప్పాలి. గుర్తుగా ఎదురుగా ఉన్న బీచ్ స్టేషన్ చెప్పొచ్చు. కానీ "బీచ్" అని ఊరుకుంటే మెరీనాకు తీసుకుపోతారు. మా రెండో ఆటో అదే చేసింది! అల్లుడికి తమిళం రాదు, "బీచ్, బీచ్" అన్నాడట. ఫోనులో నేను మన తిరుపతి తమిళంలో ఆటో అతనితో మాట్లాడి వెనక్కి తిప్పించాను. ఇరవై నిమిషాలు. అవీ లెక్కలో ఉన్నవే.

రాజాజీ సాలై మీద పాత ఎర్రటి కట్టడాలు, బర్మా బజారు కొట్లు. రేవు వైపు పొడుగాటి గోడ, గోడ మీదుగా క్రేన్ల తలకాయలు. ఈ గోడ వెనక రేవు 1881లో తయారైతే, అదే ఏడాది తుపాను వచ్చి కట్టినదాన్ని చాలామటుకు కొట్టుకుపోయిందట. అంతకుముందు రేవే లేదు, ఓడలు దూరాన నిలబడితే మసూలా పడవల్లో అలల మీద ఎగురుకుంటూ పోయి ఎక్కేవాళ్ళు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని పడవలోకి దూకాల్సిన కాలం. మా ఇంటావిడకు చెబితే "మంచికాలంలో పుట్టినాం" అంది.

ఆటోలు గేటు దగ్గరే ఆగిపోయాయి. సీఐఎస్‌ఎఫ్ వాళ్ళు పాసూ పాస్‌పోర్టూ చూసి లోపలికి వదిలారు. లోపల నడిచే పని లేదు, టెర్మినల్‌దాకా బస్సు పెట్టారు. రైలు ఎక్కి వచ్చినందుకు శిక్షలాగా ఆఖరి ముక్క మళ్ళీ బస్సే. డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. క్లచ్ అరిగిపోయి ఉంది, చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు.

ఈ ప్రయాణికుల టెర్మినలు సుమారు 17 కోట్ల రూపాయలతో కట్టారు. 2023 జూన్‌లో ఇక్కడి నుంచి మొదటిసారి శ్రీలంకకు విహార ఓడ బయల్దేరినప్పుడు కేంద్రమంత్రి సర్బానంద సోనోవాల్ వచ్చి జెండా ఊపారు. పెట్టెలు ఇచ్చేయడం, స్కానింగు, ఇమిగ్రేషన్ ముద్ర, అన్నీ ఒకదాని వెంట ఒకటి. అలిపిరి చూసినవాళ్ళకు కొత్తేమీ లేదు. లడ్ల సంచి స్కానింగు మెషిన్లోకి పోయినప్పుడు నేను పక్కకు చూశాను. అక్కడి అమ్మాయి తమిళంలో "తిరుపతి లడ్డూనా?" అంది. మా ఇంటావిడ తల ఊపి, ఒకటి తీసి ఆమెకు ఇవ్వబోయింది. డ్యూటీలో తీసుకోకూడదని నవ్వి పంపేసింది. అది నియమమో దయో నేను అడగలేదు.

రెండున్నరకల్లా ఓడలో ఉన్నాం. గది చిన్నది, కిటికీ గుండ్రటిది. ఆ గుండ్రటి కిటికీలో మనవడు తల పెట్టి తీయనన్నాడు. దాని గురించీ, హంబన్‌తోట గురించీ, ఓడలో సాంబారు గురించీ వేరే రాస్తాను.

ఐదున్నరకు అందరం పైన డెక్కు మీదికి వచ్చాం. కింద రేవు గట్టు మీద మనుషులు తక్కువ. నాలుగు తర్వాత ఎవరైనా వచ్చారా, గేటు బయట ఎవరైనా పెట్టెలతో నిలబడి ఉన్నారా అని చాలాసేపు అటే చూశాను. అక్కణ్ణించి గేటు కనిపించదు. టగ్గు ఒకటి పక్కకు వచ్చి ఆనింది. లావుపాటి తాళ్ళు ఒక్కొక్కటే విప్పి నీళ్ళలోకి వదిలారు. గట్టుకూ ఓడకూ మధ్య ఒక జానెడు నీళ్ళు కనిపించాయి, తర్వాత ఒక మూర, తర్వాత ఒక బస్సు వెడల్పు.

చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాను. పాత అలవాటు, రిటైరయ్యాక కూడా పోలేదు. మా ఇంటావిడ భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏం రాసినావు?"

చూపించాను. చెన్నై రేవు. బయల్దేరాల్సింది 18:00. బయల్దేరింది 17:57.

"మూడు నిమిషాలు ముందే తీసేసినాడే!" అంది.